బ్రహ్మకమలానికి రాసిన చీటీ

సుబేదారిలో మా మేడ మీద ప్రతి కుండీకీ ఒక చీటీ ఉంటుంది. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. చీటీ లేని మొక్క కనబడితే నాకు అన్నం సహించదు. "మీక్కూడా ఒకటి రాసి మెడల కడ్తా" అంటుంది మా ఆవిడ.

పక్కింటావిడకు ఈ గోల లేదు. కాజీపేటలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, వీధంతా సిస్టర్ అనే పిలుస్తాం. వాళ్ల జామచెట్టు నీడలో, కొబ్బరి పీచు నింపిన కుండీలో బ్రహ్మకమలం ఉండేది. ఏటా అది పూసిన రాత్రి వీధంతా వాళ్లింట్లోనే. ఆమె చర్చికి వెళ్తుంది. మా ఆవిడ, మిగతా ఆడవాళ్లు పసుపు కుంకుమలు తెచ్చి పువ్వు ముందు దీపం పెడితే, ఆమె అందరికీ చాయ్ పోసేది.

నిరుడు ఎండాకాలం చివర్లో మోకాలి ఆపరేషన్‌కని ఆమె సికింద్రాబాద్‌లో కూతురి దగ్గరికి వెళ్తూ ఆ కుండీని నాకు అప్పగించింది.

"ఏడు మొగ్గలు పట్టినయ్ సార్. పూసేటాళ్లకు నేనొస్త. జర పైలం."

"మీరు ఫికర్ చెయ్యకుండ్రి సిస్టర్. నా సబ్జెక్టే గదా."

ఆమె ఆటో మలుపు తిరగ్గానే చీటీ రాశాను: కాక్టస్ కుటుంబం. కాక్టస్ అన్నాక ఎండ కావాలి, ఇసుక కావాలి. పీచు దులిపి ఇసుక పోశాను, మేడ మీద నడి ఎండలో పెట్టాను, నీళ్లు బంద్ చేశాను.

"పూలచెట్టును ఎండల మాడుస్తాండ్రేంది?" అంది మా ఆవిడ. శాస్త్రం నీకేం తెలుసని కసురుకున్నాను.

వారం తిరగకుండా కాండాలు పాలిపోయి, అక్కడక్కడా మాడిన దోశలా అయ్యాయి. మొగ్గలు ఒక్కొక్కటే రాలాయి. ఐదోది రాలిన రోజు నాకు నిజంగా భయం వేసింది. అప్పుడు గానీ కొత్త పుస్తకాలు తెరవలేదు.

తెరిచాక సిగ్గుతో చెమటలు పట్టాయి. ఇది అడవిలో చెట్ల కొమ్మల మీద, కుళ్లిన ఆకుల్లో వేళ్లూని నీడపట్టున బతికే కాక్టస్. బీడుల్లోని నాగజెముడు దీనికి దూరపు చుట్టం. ఇప్పుడు మన పల్లెల్లో స్తంభాలకు పాకిస్తున్న డ్రాగన్ ఫ్రూట్ దగ్గరి చుట్టం. క్రిస్మస్‌కు పూసే కాక్టస్ కూడా చెట్ల మీదిదే, దాని కాండాలూ ఆకుల్లా చదునుగా ఉంటాయి. చూస్తే దీని చెల్లెలే అనిపిస్తుంది. ముప్పై ఏళ్లు ఆ రెండింటినీ బోర్డు మీద వంశవృక్షంలో ఒకే కొమ్మకు గీశాను. జన్యువులు పోల్చి చూస్తే క్రిస్మస్ కాక్టస్‌ది వేరే శాఖట. ఎవరికి వారే విడివిడిగా చెట్లెక్కి, ఒకే తీరు బతుకు బతికి, ఒకే పోలిక తెచ్చుకున్నారు. రూపు చూసి చుట్టరికం కలిపాను, పేరు చూసి ఎండలో పెట్టాను. రెండుసార్లూ తొందర నాదే.

కుండీని మళ్లీ జామచెట్టు కిందికి మోశాను. పీచు నింపి, పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించాను. అయినా ఆరోది రాలింది. ఇక మిగిలింది ఒకటే.

సిస్టర్ వాకర్ పట్టుకుని ఆటో దిగేసరికి గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. దాచకుండా అంతా చెప్పేశాను. ఆమె కుర్చీ వేయించుకుని కూర్చుని, కత్తెరతో మాడిన ముక్కలన్నీ కత్తిరించింది. చివరికి, "పేషంటు బతికే ఉన్నది సార్" అంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాలుగు రోజులకు ఆ ఒక్క మొగ్గా పూసింది. వీధంతా వచ్చింది, దీపం పెట్టారు. సిస్టర్‌కు ఎక్కువసేపు నిలబడే వీల్లేదు కాబట్టి ఈసారి చాయ్ నేనే పోశాను. ఒక్క పువ్వే అయినా ఇల్లంతా వాసన.

అందరూ వెళ్లాక ఆమె పచ్చగా ఉన్న కొమ్మ ఒకటి చిన్న కుండీలో గుచ్చి నా చేతిలో పెట్టింది. నా చెయ్యి జేబులోని పెన్ను మీదికి పోవడం చూసినట్టుంది.

"పేరు తర్వాత రాద్దురుగని సార్, ముందుగాల నీడల పెట్టుండ్రి."

మా ఇంట్లో చీటీ లేని కుండీ అదొక్కటే. రోజూ చూస్తున్నాను, అన్నం బాగానే సహిస్తోంది.