కుంపటక్క ఓర్వలేనితనం

మా ఆస్పత్రి పెద్ద నర్సు ఓర్వలేనిది లోకంలో ఒక్కటే: ఎదుటివాళ్ళకి ఉన్నది. అది ఏదైనా సరే. అందుకే చాటుగా ఆవిణ్ణి అందరం కుంపటక్క అంటాం. ఎనిమిదేళ్ళుగా ఆవిడ చేతికింద చిన్న నర్సుగా పనిచేస్తున్నాను కాబట్టి ఆ సెగ అందరికన్నా ఎక్కువ తగిలింది నాకే.

నేనొక కొత్త గొడుగు కొనుక్కుంటే, "నీకేమ్మా, పూలపూల గొడుగులు!" అని వాన వెలిసేదాకా సాధించింది. మంచం మీద కునుకు తీసే రోగిని చూసినా మంటే. "ఎంత హాయిగా పడుకున్నాడో చూడు, మహారాజు" అంటుంది. ఓసారి ఒకాయనకి బీపీ చూసి, "నూట ఇరవై, ఎనభై! నీకేమయ్యా, బీపీ కూడా చెప్పినమాట వింటుంది" అని మొహం మాడ్చుకుంది. తనేదో తప్పు చేసినట్టు ఆయన, "ఈసారికి వదిలెయ్యండమ్మా" అన్నాడు.

అన్నిటికన్నా పెద్ద మంట వంతెన అవతలి ఆస్పత్రి. అక్కడికి మీటింగుకి వెళ్ళొస్తే రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేం. "వాళ్ళ గోడగడియారం సరైన టైము చూపిస్తోంది, తెలుసా?" అని పళ్ళు కొరికింది మొన్న.

అలాంటి ఆవిడ చేతికి పై ఆఫీసు నుంచి ఒక లిస్టొచ్చింది. గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకి చిన్నప్పుడే వేసే హెచ్‌పీవీ టీకా లిస్టు అది. చుట్టుపక్కల బడుల్లోని పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల పేర్లన్నీ ఉన్నాయి. ఆవిడ కాగితాలు రెండుసార్లు తిరగేసింది.

"మన వెనకవీధి పిల్లలేరీ?"

వెనకవీధిలో ఆడవాళ్ళు ఫ్యాక్టరీ చొక్కాలు ఇంటికి తెచ్చుకుని గుండీలు కుడతారు. చేతిసాయానికి కూతుళ్ళని బడి మాన్పించేశారు.

"వాళ్ళు బడికెళ్ళరు కదక్కా. లిస్టు బడుల నుంచే వస్తుంది" అన్నాను.

"అయితే ఆ జబ్బు కూడా బడి రిజిస్టరు చూసుకునే వస్తుందా?"

నాలుగు మధ్యాహ్నాలు వెనకవీధిలో గడప గడపా ఎక్కి ఇరవైమూడు పేర్లు రాసుకొచ్చింది. అవి పట్టుకుని ఇద్దరం పై ఆఫీసులో ఆఫీసరు దగ్గరికి వెళ్ళాం.

"టీకాలు మిగిలితే చూద్దాంలెండి" అన్నాడాయన.

ఆవిడ ఎదురుకుర్చీలో స్థిరంగా కూర్చుంది. "గది ఎంత చల్లగా ఉందండీ మీకు! పూలకుండీ కూడానా! ఆ కిటికీలోంచి వెలుతురు... అదృష్టవంతులు!" ఆయన ముందు ఏసీ ఆపేశాడు. తర్వాత కిటికీకి తెర లాగేశాడు. భోజనం వేళకి సంతకం పెట్టేశాడు. ఎనిమిదేళ్ళలో నేనాయనచేత ఒక్క బల్బు మార్పించలేకపోయాను. నిజం చెప్పొద్దూ, నాకూ ఆవిణ్ణి చూసి కుళ్ళొచ్చింది.

తీరా టీకాల రోజు, పొద్దున బడిపిల్లలు వేయించుకెళ్ళాక ఐసుపెట్టెలో ఇరవైమూడు టీకాలు పెట్టుకుని కూర్చుంటే వెనకవీధి నుంచి ఒక్క పిల్లా రాలేదు. సాయంత్రానికల్లా మిగిలినవి వెనక్కి పంపాలి. ఇంకోసారి ఇస్తారన్న నమ్మకం లేదు.

"పద" అంది నాతో.

వెనకవీధిలో మొదటి ఇల్లు ఒక పెద్ద నోరున్నావిడది. ఆవిడ ఊ అంటే వీధంతా ఊ అంటుంది. పళ్ళ మధ్య దారం పట్టుకుని గుండీ కుడుతోంది. పక్కనే కూతురు.

"అది వేయించుకుంటే పిల్లలు పుట్టరంటగా" అంది తలెత్తకుండా.

"ఎవరన్నారు?" అంది కుంపటక్క.

"అందరూ అంటున్నారు."

"మా డాక్టరుగారు తన ఒక్కగానొక్క కూతురికి వేయించారు. ఆయనకి మనవలొద్దా?"

సూది ఆగింది. "డాక్టరుగారి పిల్లకా? ఇదే మందా?"

"ఇదే మందు. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి నిలబడింది వాళ్ళమ్మ. నాకెంత కుళ్ళొచ్చిందో తెలుసా?"

"మీకెందుకమ్మా కుళ్ళు?"

"ఎందుకా? ఆ జబ్బు ముదిరిపోయాక నా దగ్గరికొచ్చినవాళ్ళు నలుగురు. నలుగురూ మీ వీధివాళ్ళే. నొప్పంటే ఏమిటో చూశాను నేను. ఆ పిల్లకి దక్కింది నీ పిల్లకి దక్కకపోతే నేనోర్వలేను!"

ఇన్నేళ్ళూ ఆ కుంపటి ఎవరికోసం రగులుతోందో నాకప్పుడర్థమైంది. గొడుగు సంగతి మాత్రం సొంత మంటే, అందులో అనుమానం లేదు.

పెద్ద నోరావిడ దారం పుటుక్కున తెంపింది. "లేవే" అంది కూతురితో. వీధిలోకి తలపెట్టి ఒక్క కేక వేసింది. అరగంటలో మా ఆస్పత్రి వరండా నిండిపోయింది.

మొదటి కుర్చీలో ఆ కూతురే. సూది చూడగానే చెయ్యి వెనక్కి దాచేసుకుంది.

"మీకు వేశారా నర్సమ్మా, ఇది?"

"నా చిన్నప్పుడు ఇదెక్కడిదే! మాకెవరిచ్చారు? నీదే అదృష్టం. నిన్ను చూస్తుంటే నా కడుపు భగ్గుమంటోంది!"

ఆ పిల్ల నోరెళ్ళబెట్టింది. తనని చూసి ఒకరు కుళ్ళుకోవడం దాని బతుకులో అదే మొదటిసారి కాబోలు. వెనక్కి దాచుకున్న చెయ్యి దర్జాగా ముందుకి చాపింది. టీకా అయ్యాక కాసేపు కూర్చోమన్న బెంచీ మీద కాలు మీద కాలేసుకుని, వరసలో ఉన్నవాళ్ళందరికీ చాటింది:

"ఒసేవ్, నర్సమ్మకి మనల్ని చూస్తే కుళ్ళంట!"

వరండా అంతా ఒకటే నవ్వు. తర్వాత రావలసిన పిల్ల ఒక చెయ్యి చాలదన్నట్టు రెండు గౌనుచేతులూ పైకి మడుచుకుని కుర్చీ ఎక్కేసింది.