మోకాటి లోతు నలుపు

సర్వభూతధాత్రియైన భూదేవికి మ్రొక్కి, శ్రావణ బహుళ తదియ నాటి ఉదయాన ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

వైట్‌ఫీల్డులో మేముంటున్న అపార్టుమెంటు వెనుక కానుగ మొక్కలు నాటడానికని నిన్న లారీతో నల్లమన్ను తెచ్చి పోశారు. అందరూ దాని నలుపును మెచ్చుకొంటూ ఉంటే, నా మనస్సు మాత్రం ఏనాడో ఒక కొండ అడుగున నేను చూసి మురిసిన మరొక నలుపు మీదికి, ఆనాడు నన్ను కాపాడిన ఒక అవ్వ మీదికి పోయింది.

అప్పుడు నేను అడవి నేలలను పరిశీలించే కొలువులో కొత్తగా చేరినవాణ్ణి. రాష్ట్రపు సరిహద్దు కొండల్లో ఒక వాలు వెంబడి శిఖరాన, నడుమ, అడుగున గోతులు తీయించి, పొరల రంగూ లోతూ చూసి, ఏ నేల ఏ తరగతిదో నిర్ణయించాలి. శిఖరాన రాయి చితికి మన్నవుతుంది; అందులోని మెత్తని నుసిని వానలు యుగయుగాలుగా కిందికి దింపుతాయి; కనుక పైన జానెడు గరుసు, నడుమ ఎర్రనేల, అడుగున నిలువెత్తు బంకమన్ను ఉండడం ప్రకృతి కూర్చిన వరుస. గంధపు మొక్కల మడి ఎక్కడ వేయాలో నా నివేదికను బట్టే తేలుతుంది. నా కొలువు స్థిరపడడమూ దానిమీదే ఆధారపడి ఉంది.

అడుగు గోతిలో మోకాటి లోతు నలుపు కనబడేసరికి, ఆకులు కుళ్లి పేరుకొన్న సారమని పొంగిపోయి, తవ్వకం అంతటితో ఆపించి, మొదటి తరగతి నేల అని వ్రాసేశాను. గోతులు తవ్వే అవ్వ గట్టున కూర్చుని వక్కాకు నములుతూ నవ్వింది.

“ఏమప్పా, పైనుంచి దిగొచ్చిన మన్నే గదా ఇది? పైనంతా ఎర్రగుంటే ఈ నలుపు యాడ్నించి వచ్చె? ఆకాశం కక్కిందా?”

రోషం వచ్చి, ఈ విద్య నేను చదువుకొన్నదేనని కటువుగా అన్నాను.

“సదువుకో సామీ, వద్దంటినా? ఇంకొక మూరెడు తవ్వినాక సదువుకో!”

ఆమె గోతిలోకి దిగి గడ్డపార వేసింది. అది ఖంగుమంది. నలుపు కింద నేల ఇటుకలాగా కాలి బిగిసి ఉంది.

“బొగ్గుల బట్టీ పెట్టిన తావు ఇది. ఈడ వేరు ఎట్ల దిగుతాదప్పా?”

వ్రాసినది చించివేసి, ఇరవై అడుగుల అవతల ఆమె చేతనే మళ్లీ తవ్వించాను. అక్కడ ఆకులు కుళ్లిన నలుపు జానెడే, దాని కింద నిలువులోతు ఎర్రబంక, దిగువ దాకా వేళ్లు. మడి అక్కడే వేశారు. నా కొలువు నిలిచింది. ఆ నివేదికలో గోతిని తవ్విన వారి పేరుకు గడి లేదు. నా బ్రదుకుకు అన్నం పెట్టిన ఆ పాఠం చెప్పిన తల్లికి చేయెత్తి మ్రొక్కడానికి ఇన్నాళ్లకు ఈ కాగితం దొరికింది.

ఈ ఊళ్లో ఇప్పుడు మన్ను వాలు వెంట దిగిరాదు, లారీలెక్కి వస్తుంది. దాని పైన ఏ కొండ ఉండేదో చెప్పగలవారు లేరు. అయినా తోటమాలిని పిలిచి, నాటేముందు ఇంకొక మూరెడు తవ్వి చూడమన్నాను.

వెనుక చేర్చినది, ఆశ్వయుజ శుద్ధ దశమి: నల్లమన్ను కింద జానెడు మందాన కాంక్రీటు పెళ్లలు బయటపడ్డాయి. వాటిని ఎత్తివేసిన తరువాత ఈ ఉదయం కానుగ మొక్కలు నాటారు.