సారు తల ఊపారు

గుజరాత్‌లోని లింబాయత్‌లో మేము చదివిన తెలుగు హైస్కూలు ఈ ఏడాదితో మూతపడుతోందనీ, చేరే పిల్లలు లేరనీ, చివరిసారిగా అందరం కలిసి మన హెడ్మాస్టరు గారికి శాలువా కప్పుదామనీ పోయిన నెల పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో సందేశం వచ్చింది. అక్కకు, అంటే నాకు, గొంతు పెద్దది కాబట్టి మాట్లాడే పని ఆమెకే ఇద్దామని దాని కిందే ఎవరో నవ్వు బొమ్మ పెట్టి రాశారు. ఆ గొంతు మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. నా ఈడువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, మనకు మోకాళ్లు అరిగినా కొన్ని కోపాలు మాత్రం నిక్షేపంగా ఉంటాయి.

మాది చిన్న సర్కారు బడి. ముందు బెంచీల్లో సలాబత్‌పురా బట్టల దుకాణాల్లో పనిచేసే గుమాస్తాల పిల్లలు, వెనక బెంచీల్లో తెలంగాణ పల్లెల నుంచి వలస వచ్చిన నేతవాళ్ల పిల్లలం. అది మేము ఎంచుకున్న చోటు కాదు, సారు పెట్టిన వరస. మరమగ్గాలను మావాళ్లు సాంచాలు అంటారు. ఆ సాంచాల చప్పుడుకు మా నాన్నకు, మేము బాపు అనేవాళ్లం, చెవులు ముప్పాతిక పోయాయి. ఇంట్లో ఏ మాటైనా అరిచి చెప్పాల్సిందే. కార్ఖానాలో ఆ అరుపు కూడా వినపడదు గనక అక్కడివాళ్లంతా పెదవుల కదలిక చూసి మాట పట్టుకునేవాళ్లు. నేను సద్ది తీసుకెళ్లి గుమ్మంలో నిలబడి పెదవులు కదిపితే, బాపు అవతలి మూల నుంచి "మల్ల వంకాయేనా?" అని నవ్వేవాడు. అలా పెరిగిన మా గొంతులు బడిలో తప్పైపోయాయి. హాజరు పలికితే చాలు, సారు చెవులు మూసుకుని ఇది కార్ఖానా కాదనేవారు, ముందు బెంచీలు పకపకా నవ్వేవి.

సారుకు పదో తరగతి ఫలితాల పిచ్చి. ఏటా వేసవిలో గేటు పక్క గోడ మీద నీలం రంగుతో "నూటికి నూరు" అని రాయించుకునేవారు. అదెలా వచ్చేదో విననివాళ్లు వినండి. తొమ్మిది అయిపోగానే తనకు అనుమానం ఉన్న పిల్లల తల్లిదండ్రులను పిలిపించి, బడిలో పేరు తీయించుకుని ప్రైవేటుగా పరీక్ష రాయించుకోమనేవారు. అలా రాసినవాళ్లు తప్పినా బడి లెక్కలోకి రారు. ఆయన అనుమానం మార్కులను చూసి కాదు, బెంచీని చూసి పుట్టేది. నా పక్కన కూర్చునే నేస్తం లెక్కల్లో ముందు బెంచీలకు పాఠం చెప్పగలిగేది, అయినా దాని పేరు తీసేశారు. ఆ తర్వాత నా వంతు వచ్చింది.

బాపు కార్ఖానాలో తన పాళీ పని దిగి, ఒంటి మీది నూగు దులుపుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ చొక్కాకు కూడా మిషను నూనె వాసన ఉండేదేమో, సారు ముక్కుకూ నోటికీ రుమాలు అడ్డం పెట్టుకుని, బల్ల మీదికి తల వంచి మెల్లగా మాట్లాడారు. పెదవులు కనపడకపోతే మా బాపుకు మాట లేనట్టే. అంత చదువుకున్న మనిషిని మళ్లీ చెప్పమనడం మర్యాద కాదనుకుని ప్రతి మాటకూ తల ఊపాడు. తలుపు దగ్గర నిలబడ్డ నాకు అంతా వినపడింది. "బాపూ, వద్దను!" అని అరిచాను. నాకు వీపు పెట్టి కూర్చున్న బాపుకు అది మాటగా అందలేదు. దీని నోరు చూశావా అన్నారు సారు, బాపు దానికీ తల ఊపి, చూపించిన చోట వేలిముద్ర వేశాడు. దారిలో "సారు మంచిగ మాట్లాడిండు బిడ్డా, మస్తు సదువుతున్నదన్నడు గదా?" అని అడిగాడు. నేను సంగతి చెబితే, షేర్ ఆటోలు అటూ ఇటూ అరుస్తుంటే, రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. మర్నాడు వెళ్లి బతిమాలితే, నిన్న ఒప్పుకుని ఇవాళ మాట మారుస్తావా అని సారు బయటికి పంపేశారు. ఆ తర్వాత మా బాపు ఎవరేం చెప్పినా తల ఊపడం మానేశాడు.

నేను ప్రైవేటుగా రాసి, తప్పి, మళ్లీ రాసి గట్టెక్కి, గోడాదరాలో ఒక చిన్న బడిలో పంతులమ్మగా చేసి దిగిపోయాను. నా నేస్తం పరీక్షే రాయలేదు. మార్కెట్లో చీరలు మడత పెట్టే పనికి వెళ్లి అక్కడే ముసలిదైపోయింది.

సభ నాటికి సారు చాలా చిక్కిపోయి ఉన్నారు. ఇప్పుడు ఆయనకు చెవిలో అరిస్తే తప్ప వినపడదట. నేను పక్క కుర్చీలో కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయన జీవితమంతా కోరుకున్నంత మెల్లటి గొంతుతో, సారూ, మీ నూటికి నూరు ఎట్లా వచ్చిందో ఇవాళ అందరికీ చెబుతాను, మీకు సమ్మతమేనా అని అడిగాను. మళ్లీ చెప్పమనడానికి ఆయనకూ మొహమాటమే. నవ్వి, తల ఊపారు.

లేచి మైకు పక్కకు జరిపి, మా సాంచాల గొంతుతోనే చెప్పాను. పేరు తీసేసిన పిల్లలను ఒక్కొక్కరినే తలుచుకుని, ఎవరు ఎక్కడ తేలారో చెప్పాను. చివరి వరసలో నా నేస్తం లేచి నిలబడింది. శాలువా కప్పుకున్న సారు ప్రతి పేరుకూ తల ఊపుతూనే ఉన్నారు, చివర్లో అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. ముందు బెంచీ తమ్ముడొకడు ఉరికొచ్చి "గిప్పుడెందుకక్కా ఇదంతా, జర ముసలాయనను చూడు" అన్నాడు. "ఆయననే అడుగు, ఒప్పుకున్నడు" అన్నాను.

సారు ఇంటికెళ్లాక ఎవరో ఆయన చెవిలో అచ్చం సాంచాలవాళ్లలాగా అరిచి అంతా చెప్పారట. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదట. నాకు మాత్రం బాగా ఆకలేసింది.

ఇప్పుడు ఆ గోడకు సున్నం కొట్టేశారు. మా సందులో సాంచాలు చాలావరకు ఎత్తేశారు, పిల్లలు గుజరాతీ, ఇంగ్లీషు బడులకు వెళుతున్నారు. నేను నోరు తెరిస్తే మా మనవరాలు "నానమ్మా, ధీరే బోలో నా" అని మెల్లగా మాట్లాడమంటుంది. పెదవులు చూసి మాట పట్టుకునేవాళ్లు మా ఇంట్లో ఇంకెవరూ లేరు. మైకు ఎందుకు జరిపావని చాలామంది అడిగారు, గొంతు చాలుతుందని చెప్పి తప్పించుకున్నాను. బాపు బతికుంటే ఎదురుగా కూర్చునేవాడు, ఆయనకు నా నోరు కనపడాలి కదా.