ముక్తేశ్వరం పంటు మీద ఆరుసార్లు

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం మా పాత సినిమా ఒకటి టీవీలో వేశారు. మర్నాడు పొద్దున్నే ముక్తేశ్వరం నుంచి నూకరత్నం ఫోను. తొమ్మిదేళ్ళ తరవాత ఆ గొంతు వినడం. "అన్నయ్య గారూ, ఓసారి రండి. రేవులో మీ బావగారు తలెత్తుకోలేకపోతన్నారండి" అని పెట్టేసింది. శనివారం నాడు బయల్దేరాను.

నా సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఐదో క్లాసు గోడ దూకి వచ్చేసిన సినిమా రైటర్ని నేను. నేను చెబుతుంటే ఇంకొకరు రాసేవారు. నిజంగా బతికిన మనుషుల కథలే చెప్పేవాణ్ణి. ఆ మనిషి ఇంట్లో నెల రోజులు మకాం వేసి, వాళ్ళ అన్నం తిని, వాళ్ళ పనిలో ఓ చెయ్యి వేస్తూ వినడం నా పద్ధతి. తొంభైల్లో అలా ఏడు సినిమాలు చేశాను. తరవాత ఎవరూ పిలవలేదు. ఏడింట్లో బాగా ఆడింది నూకరత్నం భర్త ఏడుకొండలు గారి కథ. వరదకి గోదావరి మధ్య ఒక లంక మునిగిపోతుంటే, నాటుపడవలో మూడు విడతలుగా పద్నాలుగు మందిని, అంటే ఉన్నవాళ్ళందరినీ, ఒడ్డుకు చేర్చిన మనిషి. ఆ నెలలో నూకరత్నం నన్ను అన్నయ్యని చేసేసుకుంది. ఆవిడ చింతచిగురు రొయ్యలు పొగిడి మా ఆవిడ చేత ఇప్పటికీ తిట్లు తింటున్నాను.

అలాంటి బావగార్ని సినిమా ఆఖర్లో చంపేశాను. ఏడిపించే ముగింపు కావాలన్నారు నిర్మాత. లంకలో ఒక ముసలమ్మ మిగిలిపోయిందనీ, ఆమె కోసం వెనక్కి వెళ్ళి హీరో వరదలో పోయాడనీ కల్పించాను. మొదట్లో 'ఇది జరిగిన కథ' అని పెద్దక్షరాలు వేశాం. సినిమా వచ్చాక ఆ ఇంటి నుంచి మాట లేదు. బతికున్నవాణ్ణి చంపినందుకు అలిగారనుకున్నాను.

రాజమండ్రిలో ఆరున్నరకి రావులపాలెం మీదుగా వెళ్ళే అమలాపురం బస్సు ఎక్కాను. టిక్కెట్టు ముప్ఫై రెండు. జొన్నాడ దగ్గర వంతెన మీద గోదావరి కనబడుతుంది కాబట్టి కిటికీ పక్కన కూర్చోండి. కొత్తపేటలో దిగి టిఫిను చేసి తరవాతి బస్సు పట్టుకోవచ్చు. పెసరట్టు పది రూపాయలు. "ఏమయ్యా, అల్లం చట్నీలో అల్లం ఉందా, పేరుకేనా?" అన్నాను. పెనం దగ్గరాయన తలెత్తకుండా, "ఆయ్, మీ వయసుకి తట్టుకునేంతే వేసేమండి" అన్నాడు. నాకు సమ ఉజ్జీ.

అమలాపురంలో పదింటికి దిగి, పది రూపాయలకి ముక్తేశ్వరం షేరాటో ఎక్కాను. ఎవరింటికని డ్రైవరు అడిగితే చెప్పాను.

"ముసలమ్మనొదిలేసొచ్చినాయనేనా అండీ?"

"ఎవరు చెప్పారు నీకు?"

"సినిమాలో చూసేం కదండీ. హీరో యెనక్కెళ్ళి చచ్చిపోతాడండి. ఈయన బతికే ఉన్నారంటే, యెళ్ళలేదన్నమాటే కదండీ?"

నేను పుట్టించిన ముసలమ్మ తొమ్మిదేళ్ళుగా ఆ మనిషి మెడకి వేలాడుతోంది.

ముక్తేశ్వరం రేవు నుంచి అవతల కోటిపల్లికి పంటు పోతుంది. పడవల మీద బల్లలు పరిచి ఇంజను కట్టిన దాన్ని ఇక్కడ పంటు అంటారు. మనిషికి ఐదు రూపాయలు, పావుగంట ప్రయాణం. బావగారు ఇప్పుడు దాని మీదే తాడు పని చేస్తున్నారు.

"ఏం బావగారూ, పోయినవాళ్ళు ఇంత ఒళ్ళు చేస్తారా?" అన్నాను.

"టిక్కెట్టు తీసుకోండి, రైటరు గారు" అన్నారు.

నడి గోదావరిలో పక్కకొచ్చి నిలబడ్డారు. "నన్ను చంపేరు, అదేం ఫర్లేదండి. మీ హీరో చచ్చిపోయి మంచోడయ్యేడు. నేను బతికుండి చెడ్డోణ్ణయ్యేను. టీవీలో ఏసినప్పుడల్లా అడుగుతారండి, ఆ ముసలమ్మెవరని."

"అలాంటామె లేదని చెప్పకపోయారా?"

"నేన్చెప్తే నమ్ముతారాండీ? మీరు అక్షరాలేసి మరీ చూపించేరు కదా."

లేచి, పంటు మీదికి ఎవరో ఎక్కించిన మోటారుసైకిలు పట్టుకుని నిలబడి, అరిచినట్టే చెప్పాను. ఆ సినిమా చెప్పింది నేనేననీ, ఈయన లంకలో ఎవర్నీ వదల్లేదనీ, ముసలమ్మ నా బుర్రలో పుట్టిందనీ. వంకాయల గంపతో ఉన్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"మరెందుకలా తీసేరండీ?"

"మీరు ఏడుస్తారని, తల్లీ."

"ఏడిచేనండి. ఉత్తపుణ్యానికి ఏడిపించేరన్నమాట."

ఎవరూ నవ్వలేదు. కోటిపల్లి వచ్చింది. పని అయిపోయిందనుకున్నాను. బావగారు తాడు కడుతూ, "తిరుగు పంటెక్కేది వేరే జనవండి" అన్నారు.

మళ్ళీ చెప్పాను. సాయంత్రం దాకా అరటిపళ్ళతో కడుపు నింపుకుని ఆరుసార్లు గోదావరి దాటాను, ఆరుసార్లూ చెప్పాను. నాలుగోసారి ఎవరో, ఆ పద్నాలుగు మందీ ఎవరని అడిగారు. నాకు తెలియదు. నా కథలో వాళ్ళు 'జనం', అంతే. బావగారు తాడు వదలకుండానే చెప్పారు. ఒక్కొక్కరి పేరూ, ఎవరు ఏ విడతలో ఎక్కారో, ఎవరి చంకలో మేకపిల్ల ఉందో. ఆ నెల రోజుల్లో నేను అడగనే లేదు.

ఐదింటికి రేవులో దిగాను. వాళ్ళ వీధి నాలుగడుగులే. అటు చూశాను. నేను చూడటం ఆయన చూశారు. రమ్మనలేదు. "రేపు ఆదివారవండి, జనం ఎక్కువుంటారు. ఏ బస్సుకొస్తారు?" అన్నారు. మొదటి బస్సుకే అన్నాను.

ఇప్పటికి నాలుగు ఆదివారాలైంది. పంటు మీద నలభై మంది పడతారు. సినిమా ఎందరు చూశారో ఎవరికి తెలుసు? ఈ జన్మకి తేలే పని కాదు. అయినా ప్రతిసారీ దిగాక ఆ వీధి మొదట్లో కాసేపు నిలబడతాను. లోపల్నుంచి నూకరత్నం గిన్నెల చప్పుడు వినబడుతుంది. పిలుపు మాత్రం ఇంకా రాలేదు.

మీరు వెళ్తే నా సలహా ఒకటే. తాడు దగ్గరున్న పెద్దాయన్ని ఎవర్ని వదిలేశారని అడక్కండి, ఎవరెవర్ని తెచ్చారని అడగండి. పంటు కదలగానే అడగండి. పద్నాలుగు పేర్లు కదా, ఆలస్యం చేస్తే ఒడ్డు వచ్చేస్తుంది.