పచ్చ పటాలం బిళ్ల రాయ్

సెలవురోజైన శనివారం పొద్దున్నే, నేపాల్‌లోని ధరాన్‌లో మగవాళ్లంతా మాంసం కొట్ల దగ్గర గుమిగూడితే, బీర్‌ధ్వజ్ రాయ్ మాత్రం తన ఇంటి అరుగు మీద పాత దుప్పటి పరుచుకుని కూర్చునేవాడు. ముందు పాలిష్ డబ్బా, చిరిగిన బనీను ముక్క, వాటి మధ్య టోపీ బిళ్ల. ఒకదాన్నొకటి దాటుకున్న రెండు కుక్రీ కత్తులు, నడుమ కొమ్ముబూర, పైన కిరీటం. పటాలం వదిలి ఏళ్లు గడిచినా ఆ బిళ్లని ఈగ వాలితే జారిపడేంత నున్నగా ఉంచేవాడు.

“పళ్లు కూడా ఇంత శ్రద్ధగా తోముకునుంటే నాలుగైనా మిగిలేవి,” అనేది భార్య మనరూప, మినపప్పు చాటతో అటుగా పోతూ.

“పళ్లు ఊరికే వచ్చాయే. ఇది సంపాదించుకున్నది.”

ఊళ్లో అందరూ అతన్ని బిళ్ల రాయ్ అనేవారు. ఆ పేరు ధరాన్‌లో పుట్టలేదు, బోర్నియో అడవిలో పుట్టింది. భోజ్‌పూర్ కొండల్లోంచి చెప్పులైనా లేకుండా దిగొచ్చి, ఊపిరి బిగబట్టి ఛాతీ కొలత గట్టెక్కించి, ఇంగ్లీషు దొరల గూర్ఖా పటాలంలో చేరిన కుర్రాడతను. శిక్షణ ముగిసిన రోజున ఆ బిళ్ల టోపీకి గుచ్చుకుని, కుడి భుజానికి పచ్చ తాడు తగిలించుకుని, బారక్స్‌లో ఉన్న ఒకే ఒక్క అద్దం ముందు నిలబడితే వెనక వాళ్లు తోసేస్తే గానీ కదల్లేదు. బోర్నియోలో ఒకసారి వరదలో ఏరు దాటుతుండగా కాలు జారింది. నెత్తిన ఉన్న బియ్యం మూట ఒకవైపు, టోపీ ఇంకోవైపు కొట్టుకుపోయాయి. బీర్‌ధ్వజ్ టోపీ వైపు ఈదాడు. ఆ తర్వాత రెండు పూటలు దళమంతా ఎండు బిస్కెట్లు కొరుక్కుంటూ అతన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. పేరు మాత్రం నిలిచిపోయింది.

సార్జెంటుగా దిగిపోయి ధరాన్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు, ఊరి ఆనవాయితీ ప్రకారం ఇనప గేటు మీద పటాలం గుర్తు పెట్టించాడు. వెల్డింగ్ చేసినవాడు ఎన్నడూ కొమ్ముబూర చూసినవాడు కాదు. దాంతో అది అచ్చం అరటిపండులా వచ్చింది. బీర్‌ధ్వజ్ వారం రోజులు వాడితో పోట్లాడాడు. చివరికి వాడు, “సాబ్, ఇంకోసారి వంచానంటే విరిగిపోతుంది, అప్పుడు రెండు అరటిపండ్లవుతాయి,” అంటే ఊరుకున్నాడు.

అతనికి ఊరట ఒక్కటే. ఎదురింటి ఐతరాజ్ లింబూ గేటు మీద సింహం పిల్లిలా వచ్చింది.

ఐతరాజ్‌ది ఎర్ర పటాలం. ఎర్ర తాడు, సింహం బిళ్ల. ఇద్దరూ ఒకే ఏడు చేరినవాళ్లు, ఒకే అడవుల్లో జలగలకు నెత్తురు పోసినవాళ్లు, చివరికి ఒకే వీధిలో తేలినవాళ్లు. అయినా హాంకాంగ్‌లో జరిగిన ఒక కొండ పరుగు పందెం వాళ్ల మధ్య అడ్డంగా పడి ఉండేది. పచ్చవాళ్లు అడ్డదారిన వచ్చారని ఐతరాజ్, ఎర్రవాళ్లు జడ్జీకి ముందురోజే సారా పట్టారని బీర్‌ధ్వజ్. సుకమాయ దిదీ తోంగ్బా దుకాణంలో రెండు బెంచీలుండేవి. గోడ పక్కది పచ్చవాళ్లది, కిటికీ పక్కది ఎర్రవాళ్లది. పులిసిన రాగుల మీద వేణ్ణీళ్లు పోసుకుని వెదురు గొట్టంతో పీల్చుకుంటూ, బెంచీకీ బెంచీకీ మధ్య మాటలు విసురుకోవడం వాళ్లకి సాయంత్రం కాలక్షేపం.

ఆ వీధి మొత్తానికి ఫోను ఐతరాజ్ ఇంట్లోనే ఉండేది. బీర్‌ధ్వజ్ చిన్నకొడుకు దేవ్‌మణి, ఇంట్లోవాళ్లకి కాంఛా, తండ్రి పటాలంలోనే చేరి హాంకాంగ్‌లో ఉన్నాడు. వాడు ఫోను చేసినప్పుడల్లా మనరూపే పరుగెత్తేది. పిల్లి గేటు దాటడం బీర్‌ధ్వజ్‌కి నామోషీ.

ఒక వానాకాలం మధ్యాహ్నం అలా వెళ్లిన మనిషి గొడుగు ముడవకుండానే లోపలికి వచ్చేసింది.

“కాంఛా బాగున్నాడు. జ్వరం తగ్గిందట. దసరాకి సెలవు దొరికిందట.”

“ఇంకా?”

“ఇంకేముంది? ఆ… మీ పటాలం, వాళ్ల పటాలం కలిపేస్తున్నారట.”

“ఏ వాళ్ల పటాలం?”

“ఎదురింటి వాళ్లది.”

బీర్‌ధ్వజ్ నవ్వాడు. భార్య నవ్వకపోయేసరికి ఆపేశాడు. సైన్యాన్ని తగ్గిస్తున్నారనీ, పేర్లు మారుస్తున్నారనీ పింఛనుదార్ల మధ్య పుకార్లు తిరుగుతూనే ఉన్నాయి. కానీ ఎర్రవాళ్లతోనా?

“మరి తాడు?” అన్నాడు.

“నల్లదిస్తారట. బిళ్ల కూడా కొత్తదట. కొమ్మూ లేదు, సింహమూ లేదు.”

ఆ పూట అతను ముద్ద ముట్టలేదు. పంది మాంసం, కరకరలాడే ముల్లంగి పచ్చడి కంచంలో అలాగే చల్లారిపోయాయి. మనరూప మొదట వేళాకోళం చేసింది, తర్వాత కసిరింది, చివరికి పక్కన కూర్చుంది.

“మనిషెవరూ పోలేదు కదా ముసలాయనా.”

“మనుషులు పోతే పేరు మిగిలేది. ఇప్పుడు మనుషులున్నారు, పేరు పోయింది. నేను ఏ పటాలం అని ఎవడైనా అడిగితే ఏం చెప్పను? లేని పటాలం అని చెప్పనా?”

మనరూప లేచింది. కంచం తీసి, కూర మళ్లీ వెచ్చబెట్టుకొచ్చింది.

సాయంత్రం దుకాణానికి వెళ్తే కిటికీ పక్క బెంచీ మీద ఐతరాజ్ వెదురు గొట్టం నోట్లో పెట్టుకుని పీల్చడం మరిచిపోయి కూర్చున్నాడు. ఒకరినొకరు చూశారు, తల తిప్పుకున్నారు. పందెం ఊసు లేదు, జడ్జీ ఊసు లేదు. సుకమాయ దిదీ కెటిల్ పట్టుకుని అటూ ఇటూ చూసింది.

“ఏంటయ్యా, ఇద్దరూ నోళ్లు ఇంట్లో పెట్టి తాళం వేసొచ్చారా? మీరు తిట్టుకోకపోతే నాకు బేరం సాగదు.”



దసరాకి దేవ్‌మణి వచ్చాడు. తల్లికి స్వెటరు, తండ్రికి గడియారం, పెట్టె అడుగున కాగితంలో చుట్టిన కొత్త టోపీ, నల్ల తాడు. రెండింటినీ తీసి మేకుకి తగిలించాడు. ఆ క్షణం నుంచి బీర్‌ధ్వజ్ ఆ గోడ వైపు చూడడం మానేశాడు. అన్నం తినేటప్పుడు వీపు అటు తిప్పి కూర్చున్నాడు.

“బా, ఒక్కసారి చూడకూడదూ? కరవదు,” అన్నాడు కొడుకు.

“ఎండ పడుతోంది కళ్లలో.”

“అటువైపు కిటికీయే లేదు బా.”

“అయితే గోడ సున్నం వాసన కొడుతోంది,” అని లేచిపోయాడు.

మర్నాడు తల్లీ కొడుకులు బజారుకి పోయారు. బీర్‌ధ్వజ్ కాసేపు పెరట్లో మొక్కల దగ్గర తచ్చాడాడు. కాసేపు అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత లోపలికి పోయి, స్టూలు వేసుకుని, టోపీ, తాడు దించి ఒళ్లో పెట్టుకున్నాడు. అంతలో గేటు కిర్రుమంది. టోపీ దాచడానికి చోటు దొరికేలోపే గుమ్మంలో ఐతరాజ్ నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్లలో అతను ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు.

“ఫోను వచ్చిందని చెబుదామని వచ్చా.”

“ఎవరి దగ్గర్నుంచి?”

ఐతరాజ్ కాస్త ఆలోచించాడు. “పెట్టేశారు.”

అతని చూపు టోపీ మీదే ఉంది. ముగ్గురూ ఆడపిల్లలే అతనికి. ఆ ఇంటి గోడకి కొత్త టోపీ ఎప్పటికీ వేలాడదు. బీర్‌ధ్వజ్‌కి ఆ సంగతి తట్టగానే, ఎందుకో తెలీకుండానే పక్కకి జరిగాడు.

“రా. నిలబడి చూస్తే ఏం కనిపిస్తుంది? కళ్లజోడు తెచ్చుకున్నావా?”

“మర్చిపోయా.”

“నాది పెట్టుకో.”

ఒకే కళ్లజోడు మార్చుకుంటూ ఇద్దరూ ఆ బిళ్లని ఎగాదిగా చూశారు.

“ఇది చూడు, కుక్రీల మధ్యంతా ఖాళీ. అక్కడ కొమ్ముండాలి,” అన్నాడు బీర్‌ధ్వజ్.

“కొమ్మెందుకు? సింహమైతే సరిగ్గా పట్టేది.”

“సరే, సింహమే పెట్టనీ. ఏదో ఒకటి పెట్టాలా వద్దా? వాకిట్లో ముగ్గేసి మధ్యలో వదిలేసినట్టు!”

“అదీ! సరిగ్గా చెప్పావు. తాడు చూశావా, నల్లది? గొడుక్కి కట్టుకునే తాడులా ఉంది.”

“అసలు ఇదేం బిళ్ల? సోడా మూత!”

ఆ మాట నోట్లోంచి రాగానే బీర్‌ధ్వజ్ ఆగిపోయాడు. అది అతని మాట కాదు. శిక్షణ ఇచ్చిన గంజ్‌మాన్ గురుజీ మాట. వీళ్లు చేరడానికి కాస్త ముందే ఇంగ్లండులో రాజు పోయి రాణి వచ్చింది. బిళ్ల మీద కిరీటం మార్చారు. కొత్త కుర్రాళ్లు ఆ బిళ్ల చూసుకుని మురిసిపోతుంటే, ముసలి గురుజీ పక్కనుంచి, “ఇదేం బిళ్లరా, సోడా మూత!” అని ఉమ్మేసేవాడు. రెండు కిరీటాలూ పక్కపక్కన పెట్టి చూపించినా కుర్రాళ్లకి తేడా తెలిసేది కాదు.

“ఐతరాజ్, మీ వైపు కూడా కిరీటం మార్చారుగా? ఎవరైనా గొడవ చేశారా?”

“గొడవా? మా సుబేదారు మూడు రోజులు ఎవరి సెల్యూటూ అందుకోలేదు. ‘ఇంత బోడి కిరీటానికి నేను చెయ్యెత్తనా’ అని.”

“మరి తర్వాత?”

“తర్వాతేముంది? నాలుగోనాడు చెయ్యి నొప్పి తగ్గిందన్నాడు.”

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. బీర్‌ధ్వజ్‌కి కళ్లలో నీళ్లొచ్చాయి. అవి నవ్వుకే వచ్చాయా అంటే అతనికే తెలీదు. ఆ పాత కిరీటాన్ని గుర్తుపట్టగలిగినవాళ్లు ఇప్పుడు ఊళ్లో ఒక్కరూ లేరు. కొమ్ముకీ ఆ రోజు వస్తుంది. అది అతనికి బాగానే అర్థమైంది, బాధగానే ఉంది. కానీ పక్కనే కూర్చుని అంతే బాధపడుతున్న మనిషి ఎర్ర పటాలం వాడవడం మాత్రం వింతగా, కాస్త హాయిగా ఉంది.

బజారు నుంచి వచ్చిన మనరూప గుమ్మంలోనే సంచులు దించేసింది. “అయ్యో, కలికాలం! కాంఛా, చూడరా, పిల్లి మనింట్లో దూరింది!”

“వదినా, నేను ఫోను వచ్చిందని చెప్పడానికి…”

“ఆ, తెలుసులే. కూర్చో, తోంగ్బా పెడతా.”

దేవ్‌మణి కూడా పీట లాక్కుని కూర్చున్నాడు. తండ్రి ఒళ్లో టోపీ చూసి వాడి మొహం విచ్చుకుంది. కాసేపటికి మెల్లగా చెప్పాడు. “కాగితాల మీద కలిపారు గానీ బా, మెస్సులో ఇంకా కలవలేదు. మావాళ్లు ఒక బల్ల, వాళ్లు ఇంకో బల్ల. ఉప్పు అడిగినా ఇవ్వరు. ఆఫీసర్లకి ఏం చెయ్యాలో తోచట్లేదు.”

ఇద్దరు ముసలివాళ్లూ మొహాలు చూసుకున్నారు.

“దానికేముందిరా,” అన్నాడు ఐతరాజ్. “ఆ కొత్త బిళ్ల బల్ల మీద పెట్టి, అందరూ కలిసి తిట్టండి. పూట తిరిగేసరికి ఒక్కటైపోతారు.”

“నిజమేరా. మేం పరీక్షించి చూశాం,” అన్నాడు బీర్‌ధ్వజ్.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి దుకాణంలోకి నడిచి, ఏ బెంచీ అనే వాదన తెగక, రెండు బెంచీల్నీ ఈడ్చి పక్కపక్కన వేసుక్కూర్చున్నారు. సుకమాయ దిదీ కెటిల్ కింద పెట్టి, “ఇక నా బేరం దేవుడే కాపాడాలి,” అంది. దేవుడు బాగానే కాపాడాడు. కొత్త బిళ్లని తిట్టడానికి రెండు పటాలాల పింఛనుదార్లూ అంతకు ముందుకంటే ఎక్కువే తాగారు.

తిహార్ దీపాల పండక్కి ముందు ఊరి మైదానంలో ఆటల పోటీలు పెట్టారు. ఇండియా పటాలాల పింఛనుదార్లు తాడులాగుడుకి సవాలు విసిరారు. ఎర్రవాళ్లలో సగం మందికి మోకాళ్లు లేవు, పచ్చవాళ్లలో సగం మందికి నడుములు లేవు. కలిస్తే గానీ జట్టు అవదు. కలిశారు. అయితే నుదుటికి ఏ రంగు గుడ్డ కట్టుకోవాలన్న దగ్గర మళ్లీ మొదలైంది.

“పచ్చ.”

“చస్తే కట్టం. ఎర్ర.”

దేవ్‌మణి చూసి చూసి, బజారుకి పోయి నల్లగుడ్డ తానులోంచి చించుకొచ్చాడు. ఎవరూ చెయ్యి చాచలేదు. చివరికి బీర్‌ధ్వజ్ ఒక పీలిక అందుకుని, “ఈ ఒక్కరోజుకే,” అన్నాడు. ఐతరాజ్ ఇంకొకటి తీసుకున్నాడు. “నేను చెమట తుడుచుకోవడానికి.” ఆ తర్వాత అందరూ కట్టుకున్నారు.

బాగా లాగారు. దేవ్‌మణి పక్కన పరుగెడుతూ అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. ఒక దశలో గెలిచేలాగే కనిపించారు కూడా. అంతలో ముందున్న ఐతరాజ్ జారాడు, అతని మీద బీర్‌ధ్వజ్ పడ్డాడు, అతని మీద మొత్తం రెండు పటాలాలూ పడ్డాయి.

ఒళ్లంతా బురదతో ఇంటికొస్తే మనరూప పెరట్లో పెద్ద కాగు కింద మంట ఎగదోస్తోంది.

“ఏమైంది?”

“ఓడిపోయాం,” అన్నాడు బీర్‌ధ్వజ్. “ఐతరాజ్ బూట్లు అరిగిపోయాయి. కొత్తవి కొనుక్కోమని ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా. వాళ్లకి రేపే మళ్లీ సవాలు పంపుతున్నాం.”

“ముందు ఆ చెవిలో బురద కడుక్కో,” అని ఆమె చెంబుతో వేణ్ణీళ్లు తలమీద పోసింది. నుదుటికున్న నల్లగుడ్డ తడిసి కళ్లమీదికి జారింది. అతను దాన్ని పైకి తోసుకుని, వచ్చే ఏడు ఎవరు ముందు నిలబడాలో, ఎవరు చివర నిలబడాలో ఆమెకి వివరించడం మొదలుపెట్టాడు.