పదిహేనో లైబ్రరీ

ఫ్రాన్స్‌లో నాంత్ నగరంలోని మా ప్రయోగశాలలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం ఒదీల్ గెగాన్‌ది. మేమందరం గణిత నిరూపణలను మెట్టు మెట్టునా సరిచూసే ప్రూఫ్ అసిస్టెంట్ అనే ప్రోగ్రాంతో పనిచేసేవాళ్లం. దాన్ని, దానికి కావలసిన పద్నాలుగు లైబ్రరీలను, అంటే ముందే రాసిపెట్టిన కోడ్ కట్టలను, కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడానికే కొత్తవాళ్లకు వారం పట్టేది. ఒకదాని వెర్షన్ కుదిరితే మరొకటి మొరాయించేది.

ఆ సెప్టెంబరులో చేరిన పరిశోధక విద్యార్థిని ఐనూర్ నాలుగో రోజుకే కళ్లనీళ్లు పెట్టుకుంది. మా ప్రొఫెసర్ లెస్కూర్ మాత్రం ఈ తిప్పలు అందరూ పడ్డవేనని, పడితేనే పని వంటబడుతుందని తేల్చేశాడు. ఒదీల్‌కు ఒళ్లు మండింది. కుర్చీ లాక్కుని ఐనూర్ పక్కన కూర్చుంది.

"ఏం కొడితే ఏమొచ్చిందో మొదట్నించీ చెప్పమ్మా. నేను రాసుకుంటా."

ఆ రాతల నుంచే, అన్నిటినీ వరసగా తనంతట తానే ఎక్కించే ఒక స్క్రిప్టు పుట్టింది. ఒదీల్ ఒక పాత కంప్యూటర్‌ను పూర్తిగా తుడిచేసి దాన్ని నడిపేది. ఆగిపోతే దిద్ది, మళ్లీ తుడిచి, మళ్లీ నడిపేది. జనవరికల్లా అన్నీ కుదిరాయి, లెస్కూర్ రాసిన నిరూపణల చివరి ఫైలు తప్ప. ఎన్నిసార్లు నడిపినా అక్కడే ఆగేది. చివరికి లెస్కూర్ కంప్యూటర్‌లో వెతికితే దొరికింది: ఏ జాబితాలోనూ లేని పదిహేనో లైబ్రరీ. ఏళ్ల కిందట ఆయనే ఎక్కించి మరిచిపోయాడు; ఆ ఫైలు నడవాలంటే అది ఉండాల్సిందే.

ఒదీల్ పరుగున ఆయన గదికి వెళ్లింది. "ప్రొఫెసర్ గారూ, తప్పు పిల్లలది కాదండీ. మీ కంప్యూటర్‌ది."

లెస్కూర్ తెర వైపు చూసి, చెవులదాకా ఎర్రబడ్డాడు. "అయితే ఇన్నేళ్లూ అందర్నీ ఏడిపించింది నేనేనా?"

"మీరొక్కరే," అంది ఒదీల్. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ పూటే ఒదీల్ దాన్నీ స్క్రిప్టులో చేర్చింది.

మార్చిలో మా దగ్గర జరిగిన శిక్షణకు ముప్ఫై రెండు మంది వచ్చారు. ఒదీల్ బోర్డు మీద స్క్రిప్టును నడిపే ఒక్క లైను రాసి, దాన్నే కొట్టమంది. తను వెళ్లి గది వెనక చేతులు కట్టుకుని నిలబడింది. పావుగంట గడిచింది. మొదటి బెంచీలో ఒక చెయ్యి లేచింది. తరువాత మూడు, ఆపైన వరసకు వరసే. కాఫీ ఫ్లాస్కులు రాకముందే ముప్ఫై రెండు తెరల మీదా నిరూపణలన్నీ సరైనవేనంటూ పచ్చగా వెలిగాయి. ఐనూర్ బల్ల చరిచింది, ఆ వెంటనే గదంతా చరిచింది.

ఆ మధ్యాహ్నమే లెస్కూర్, తాను రాసి పెంచి పోషించిన పదకొండు పేజీల ఇన్‌స్టలేషన్ సూచనలను మా వెబ్‌సైటు నుంచి తీసేశాడు. వాటి చోట ఒదీల్ లైను, దాని కింద ఆమె పేరు పెట్టాడు.