మా ఆయన ‘సరే’ అన్న రోజు

మా ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్ది దిద్ది రిటైరయ్యారు. తప్పు కనబడితే ఊరుకోలేని మనిషి. బీపీ చూపించుకోవడానికి ఇరవై ఏళ్లుగా నారాయణగూడలో ఒకే డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నాం. వెళ్లిన ప్రతిసారీ వాదనే. “ఈ మాత్ర ఇంకా ఎందుకండీ?” అని ఈయన, “డాక్టర్ మీరా, నేనా?” అని ఆయన. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు నవ్వుకునేవారు.

రెండేళ్ల కిందట వానాకాలంలో మా ఆయన మందకొడిగా తయారయ్యారు. పేపరు పట్టుకుని ఒకే పేజీ చూస్తూ కూర్చునేవారు. పప్పు వేశాక అన్నం కలపడం మరిచిపోయేవారు. తలనొప్పిగా ఉందని రెండు మూడుసార్లు అన్నారు. చిక్కడపల్లిలో మా ఇంటి పక్కనే కొత్తగా తెరిచిన క్లినిక్కులో చూపించాను. బీపీ కాస్త ఎక్కువే గానీ, షుగరు, రక్తపరీక్షలు బాగానే ఉన్నాయన్నారు. “రిటైరయ్యాక కొందరికి ఇలాగే ఉంటుందమ్మా. కాస్త బయట తిప్పండి” అన్నాడు అక్కడి కుర్ర డాక్టరు.

నమ్మాను. రోజూ సాయంత్రం అశోక్ నగర్ దాకా నడిపించుకెళ్లేదాన్ని. ఎడమకాలి చెప్పు మాటిమాటికీ జారిపోతుంటే, పాతబడ్డాయనుకుని కొత్త జత కొన్నాను. అదీ జారిపోయేది.

బీపీ మాత్రలు అయిపోవడంతో నారాయణగూడ వెళ్లాం. డాక్టరు గారు బీపీ చూసి, “గోళీ జర పెంచుతున్న” అంటూ చీటీ రాయసాగారు.

“సరే డాక్టరు గారూ” అన్నారు మా ఆయన.

రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. డాక్టరు గారు తలెత్తి మా ఆయన్ని కాసేపు చూసి, నా వైపు తిరిగారు.

“ఇరవై ఏండ్లల్ల ఈయన నాకు ఒక్కసారి సరే అనలేదమ్మా. ఎప్పటి నుంచి ఇట్ల ఉన్నరు?”

అన్నీ చెప్పాను. చెప్పుల సంగతి కూడా చెప్పాను.

“తలకు దెబ్బేమన్న తాకిందా? చిన్నదైనా సరే.”

లేదన్నాను. అన్నాక గుర్తొచ్చింది. అప్పటికి నెలన్నర కిందట మెట్ల కింద నుంచి స్కూటరు తీస్తూ పైకి లేవబోయి తల కొట్టుకున్నారు. నెత్తురు రాలేదు. కొబ్బరినూనె రాసి మరిచిపోయాం.

డాక్టరు గారు మా ఆయన్ని రెండు చేతులూ ముందుకు చాచి కళ్లు మూసుకోమన్నారు. ఎడమ చెయ్యి మెల్లగా కిందికి వాలిపోయింది. ఆ సంగతి ఆయనకు తెలియనే లేదు.

“ఇంటికి పోవద్దు. సీదా పోయి స్కాన్ తీయించుండ్రి. నేను ఫోన్ చేసి చెప్త.”

తలలో కుడివైపు, పుర్రెకీ మెదడుకీ మధ్య నెత్తురు చేరిందని స్కానులో తేలింది. ఆ సాయంత్రమే పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి తీసేశారు. మర్నాడు పొద్దున లోపలికి వెళ్తే, మా ఆయన నన్ను ఎగాదిగా చూసి, “కళ్లజోడు వంకరగా పెట్టుకున్నావేమే?” అన్నారు. మంచం ఊచ పట్టుకుని ఏడ్చేశాను. పక్క మంచం వాళ్లు కంగారుపడ్డారు.

ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాక, నేనొక్కదాన్నే డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. చేతులు జోడించి, “మీకెలా తెలిసింది?” అని అడిగాను.

“తెల్వలేదమ్మా. భయమైంది, అంతే. స్కాన్‌ల ఏం లేదని వస్తే, ఉత్తగనే పరేషాన్ చేసిండనుకుంటరేమో అని గూడ అనిపించింది.” మళ్లీ ఆయనే, “వేరే పేషెంటయితే గోళీ రాసి పంపిస్తుంటి” అన్నారు.

క్లినిక్కులో కుర్ర డాక్టరు మీద నాకు కోపం రాలేదు. మౌనం మా ఆయన స్వభావం కాదని అతనికెలా తెలుస్తుంది? పక్కనే ఉన్న నాకే తట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకున్నాను. ఎన్నాళ్లకో ఒళ్లెరగని నిద్ర పట్టింది. అసురసంధ్య వేళ అయింది లెమ్మని మా ఆయనే వచ్చి లేపారు.